కొత్తపట్నంలో పాప్‌కార్న్ బండి పెట్టబోయే మేనకోడలికి

చిరంజీవి లక్ష్మికి,
ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

కొత్తపట్నం సముద్రతీరంలో పాప్‌కార్న్ బండి పెట్టాలని నిశ్చయించుకున్నావని, ఏ యంత్రం కొనాలో నన్ను అడగమన్నావని మీ అమ్మ చెప్పింది. యంత్రం కంటే ముందు గింజ సంగతి తెలుసుకోవాలమ్మా. సినిమా హాలు క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి ఈ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను, ఈ వ్యాపారంలో లాభనష్టాలు గింజ లోపలి తేమ మీదే ఆధారపడి ఉంటాయి.

మన పొలాల్లో కోళ్ల మేతకు పండించే మొక్కజొన్న దీనికి పనికిరాదు. పాప్‌కార్న్ రకం గింజ చిన్నది. దాని పైపొర ఆవిరిని బయటికి పోనీయనంత గట్టిగా ఉంటుంది, లోపలి పిండిపదార్థం దట్టంగా బిగిసి ఉంటుంది. మంచి గింజ బరువులో సుమారు 14 శాతం నీరే. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరిగా మారుతుంది, పోయే దారి లేక లోపల పీడనం పెరుగుతుంది, పిండి మెత్తబడుతుంది. వేడి 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి లోపలి పీడనం బయటి గాలి పీడనానికి దాదాపు తొమ్మిదింతలవుతుంది. వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో ఉండేది సుమారు రెండింతలే. ఇక తట్టుకోలేక పొర పగిలిపోగానే పిండి నురగలా పొంగి, ఆ క్షణంలోనే చల్లబడి గట్టిపడుతుంది. విరో, పొనొమరెంకో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫ్రాన్స్‌లో దీనిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. 170 డిగ్రీల దగ్గర 34 శాతం గింజలే పేలగా, 180 దగ్గర 96 శాతం పేలాయి. పది డిగ్రీల తేడాకు ఎంత సరుకు మిగులుతుందో, ఎంత వృథా అవుతుందో నీవే లెక్క వేసుకో.

ఈ విద్య చాలా పాతది. పెరూ దేశపు ఉత్తర తీరంలో పరెదోనెస్, హువాకా ప్రియెటా అనే చోట్ల తవ్వకాలలో దొరికిన కంకులు ఆరువేల ఏళ్లకు పైబడినవి, అక్కడివారు ఆనాడే పేలాలు చేసుకుని తిన్నారని పరిశోధకులు తేల్చారు. మొక్కజొన్న మన దేశానికి రాకముందే మనవాళ్లకు జొన్న పేలాలు తెలుసు. తొలి ఏకాదశికి ముందు రోజు మా అమ్మ జొన్నల మీద నీళ్లు చిలకరించి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా ఉంచి, తెల్లవారి బాగా కాగిన మంగలంలో గుప్పెడు గుప్పెడు పోసి పేల్చేది. ఆ పేలాలను విసిరి బెల్లం కలిపితే పేలపిండి. శాతాలు, డిగ్రీలు ఆమెకు తెలియవు కాని, ఎండిన గింజకు తడి తగలనిదే పేలదని మాత్రం ఖాయంగా తెలుసు.

నీవు చేయవలసిందీ అదే. గింజలను గోనెసంచిలో తెరిచి ఉంచవద్దు, ఎండలో ఆరబెట్టవద్దు. ఎండకు తేమ పోతుంది, పొరకు సన్నని పగుళ్లు వస్తాయి. సముద్రపు గాలికి తేమ ఎక్కువైనా నష్టమే. మూత బిగుతుగా పట్టే డబ్బాలో నీడపట్టున ఉంచు. తెచ్చిన సరుకు బాగా ఎండిపోయిందనిపిస్తే, మూడు కప్పుల గింజలకు ఒక పెద్ద చెంచా నీరు చొప్పున సీసాలో పోసి, మూత పెట్టి, రోజుకు రెండు మూడు సార్లు కుదుపుతూ రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు కోలుకుంటుంది. పొర పగిలిన గింజకు మాత్రం మందు లేదు.

మంట విషయంలో ఓపిక కావాలి. సన్నటి సెగ మీద ఎక్కువసేపు ఉంచితే గింజ మొన దగ్గర నుంచి ఆవిరి మెల్లగా జారిపోయి గింజ పేలకుండా మిగిలిపోతుంది. మంట మరీ ఎక్కువైతే లోపలి పిండి ఉడకకముందే పొర పగిలి, మధ్యలో గట్టి పలుకు మిగులుతుంది. ముందు నూనెలో రెండు మూడు గింజలు వేసి, అవి పేలాక మిగతావి పోయాలి. మూడు వంతుల గింజలకు ఒక వంతు నూనె సరిపోతుంది. వెన్నలో పేల్చవద్దు, ఆ వేడికి చేరేలోపే అందులోని పాల పదార్థం మాడిపోతుంది. వెన్న రుచి కావాలంటే పేలాక కాచిన నెయ్యి చల్లు. చవకగా దొరికే వెన్న వాసన పొడుల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతున్నాను. అమెరికాలోని మిస్సోరిలో పాప్‌కార్న్ కర్మాగారంలో పనిచేసినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చినట్లు 2000లో బయటపడింది. వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్ ఆవిరిని రోజంతా పీల్చడమే అందుకు కారణమని తేలింది. రోజంతా ఆ బండి దగ్గర నిలబడేది నీవే కదా.

ఇక యంత్రం. షికాగోలో చార్లెస్ క్రెటర్స్ అనే వ్యాపారి 1893 నాటి ప్రపంచ ప్రదర్శనలో ఆవిరి యంత్రంతో నడిచే బండిని చూపించాడు. అంతకుముందు తీగ బుట్టలలో నేరుగా మంట మీద పేల్చేవారు, గింజలన్నిటికీ వేడి సమంగా అందేది కాదు. అతని యంత్రం నూనెలో గింజలను కలుపుతూ సమంగా పేల్చింది. నీవు కొనే యంత్రంలోనూ అదే చూడు: గిన్నె మందంగా ఉండాలి, కలిపే కడ్డీ అడుగు దాకా తగలాలి, మూతలోంచి ఆవిరి బయటికి పోవాలి. ఆవిరి లోపలే ఉంటే పేలాలు సాగుతాయి. పేలినవి ఉంచే అద్దాల పెట్టెలో వేడినిచ్చే దీపం తప్పనిసరి, కొత్తపట్నం గాలికి ఆ దీపం లేకుండా పేలాలు ఎక్కువసేపు కరకరలాడవు.

నాలుగేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక, చంటిబిడ్డతో వచ్చినవారికి ఆ మాట చెప్పి ఇవ్వు.

యంత్రానికి బయానా ఇవ్వకముందే రెండు దుకాణాల నుంచి అరకిలో చొప్పున గింజలు తెచ్చి, ఒక్కొక్క దానిలో వంద గింజలు లెక్కపెట్టి ఒకే మంట మీద పేల్చి, పేలనివి ఎన్నో రాసి పంపు. ఏ సరుకు కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య