8 పెట్టలున్నా గుడ్లు చాలట్లేదంటే లెక్క చూసుకోవాలి

కోనసీమ నుంచి ఒకరు అడిగారు: ఇంట్లో ఐదుగురం, రోజుకు 4 గుడ్లు కావాలి, 8 నాటు పెట్టలున్నా చాలట్లేదు, జబ్బేమైనా ఉందా అని. జబ్బేమీ కాకపోవచ్చు, లెక్కలోనే తేడా. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 60–80 గుడ్లు. మీ 8 పెట్టలూ కలిపినా సగటున రోజుకు ఒకటిన్నర. మీ ఐదుగురికి 4 కావాలన్నారు.

1. రోజుకు 4 అంటే ఏడాదికి 1,460.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఇప్పుడు రోజుకు ఎన్ని వస్తాయో చూడాలంటే గూట్లో ఉన్నవన్నీ కాదు, పెడుతున్నవాటినే లెక్కపెట్టాలి. పొదుగుకు కూర్చున్నది, పిల్లల్ని తిప్పుతున్నది, ఈకలు రాలుస్తున్నది లెక్కలోకి రావు. అనుమానముంటే చీకటిపడ్డాక పట్టుకుని, గుడ్డు వచ్చే దారికి అటూ ఇటూ ఉన్న సన్న ఎముకల మధ్య వేళ్లు ఆనించండి. రెండు మూడు వేళ్లు పడితే పెడుతున్నట్టే. ఒక్క వేలే బిగుతుగా పడితే ఆపేసింది.

3. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ అనే పెరటికోడి రకం తెచ్చుకోండి. పెరట్లో ఏడాదికి 160–180 పెడుతుంది, 9 చాలు. నాటువే కావాలంటే 20 దాటాలి. గుడ్లకు పుంజు అక్కర్లేదు (సంక్రాంతి సరదా వేరే సంగతి).

కోనసీమ కదా, వానలకు కొబ్బరితోటలో నీళ్లు నిలిచి కోళ్లు బయట తిరగలేని రోజులుంటాయి. అప్పుడు ఒక్కోదానికి 100 గ్రాముల పైనే నూకలు, తవుడు, మేత మీరే వేయాలి. ఇరవైకి రోజూ రెండు కిలోలు, అది చూసుకుని సంఖ్య పెంచండి.