పాఠకుల ప్రశ్నలు: వివాల్డి ‘గ్లోరియా’ను ఆర్కెస్ట్రాతో పాడేవారికి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే రచన గురించి అడిగినవి కావడం వల్ల వాటికి ఒకేచోట జవాబులిస్తున్నాను. ఆ రచన ఇటాలియన్ స్వరకర్త ఆంటోనియో వివాల్డి డి మేజర్ అనే స్వరశ్రేణిలో కూర్చిన ‘గ్లోరియా’. ఆయన కృతుల పట్టికలో దాని సంఖ్య ఆర్‌వి 589. క్రైస్తవ ఆరాధనలోని ఒక ప్రాచీన లాటిన్ స్తోత్రాన్ని ఇందులో ఆయన 12 భాగాలుగా విడదీసి స్వరపరిచారు. మొత్తం పాడటానికి దాదాపు అరగంట పడుతుంది. నాలుగు గొంతుల క్వయర్ (గాయక బృందం), సోలో పాడే ఇద్దరు సొప్రానోలు (హెచ్చు స్థాయి స్త్రీ గొంతులు), ఒక ఆల్టో (తగ్గు స్థాయి స్త్రీ గొంతు), తీగ వాద్యాలు, ఒక ఓబో (సన్నాయిని పోలిన ఊదే వాద్యం), ఒక ట్రంపెట్, వీటన్నిటికీ ఆధారంగా నడిచే బాస్ వాద్యాలు దీనికి కావాలి.

ప్రశ్న: మా క్వయర్‌లో నలభై మందిమి ఉన్నాం. నాలుగు నెలలు పియానోతో సాధన చేసి అన్ని భాగాలూ కంఠస్థం చేశాం. తీరా ఆర్కెస్ట్రాతో మొదటి రిహార్సల్‌కు వెళ్తే, మొదటి భాగంలోనే వెనకబడిపోయాం. “లాగుతున్నారు, లాగుతున్నారు” అంటూ కండక్టర్ పదేపదే ఆపారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ సాధనలో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. మీరు ఇన్నాళ్లూ దేనిని విని పాడారు, ఇప్పుడు దేనిని విని పాడాలి అన్నదే అసలు సంగతి. సాధన సమయంలో పియానో వాయించేవారు మీ పార్టులనే (ఒక్కొక్క గొంతుకు రాసిన స్వరాలనే) మీకు వాయించి వినిపిస్తారు కాబట్టి, తెలియకుండానే ఆ శబ్దం మీద ఆనుకుని పాడటం అలవాటవుతుంది. ఆర్కెస్ట్రా వచ్చిన రోజున ఆ ఆసరా ఉండదు. మొదటి భాగంలో వయొలిన్లు తమ ధోరణిలో ఒక్కసారిగా అష్టకం (ఒక స్వరం నుంచి పై స్థాయిలోని అదే స్వరం దాకా ఉండే దూరం) ఎగురుతూ, దిగుతూ పరుగెత్తుతుంటాయి. వాటి పైన మీరు “గ్లోరియా, గ్లోరియా” అని నిలువుగా, అందరూ ఒక్కసారిగా పలకాలి. అప్పుడు మీ చెవి వయొలిన్లను పట్టుకోవడానికి ప్రయత్నిస్తే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. చెవిని చెల్లో, డబుల్ బాస్ (మంద్రంగా పలికే పెద్ద తీగ వాద్యాలు), ఆర్గన్ కలిసి నడిపే అడుగు స్వరం మీద పెట్టండి. ఆ కాలపు సంగీతకారులు దీనిని కంటిన్యువో అనేవారు. బాస్ స్వరాన్ని మాత్రం రాసి, దాని మీద ఏ స్వరాలు పేర్చాలో అంకెలతో సూచిస్తే, ఆర్గన్ లేదా హార్ప్సికార్డ్ (పియానోను పోలిన పాతకాలపు వాద్యం) వాయించేవారు ఆ అంకెలను చూసి అప్పటికప్పుడు మిగిలిన స్వరాలను నింపేవారు. కట్టడమంతా ఆ అడుగు స్వరం మీదే నిలబడి ఉంటుంది.

రెండో కారణం దూరం. క్వయర్ సాధారణంగా ఆర్కెస్ట్రా వెనుక నిలబడుతుంది. ముందు వరుసలోని వయొలిన్లకూ మీ చివరి వరుసకూ పది మీటర్లు ఉందనుకుంటే, ఆ శబ్దం మీ చెవిని చేరడానికి సెకనులో నూరింట మూడు వంతుల కాలం పడుతుంది. ఇది చాలా చిన్న వ్యవధిలాగే కనిపిస్తుంది. కానీ నిమిషానికి నూరు తాళాల వేగంలో వయొలిన్లు వాయించే ఒక్కొక్క చిన్న స్వరం నిడివి నూరింట పదిహేను వంతులే, అంటే మీరు విని పాడిన ప్రతిసారీ అందులో ఐదో వంతు ఆలస్యమవుతున్నారు. అందుకే వేగం విషయంలో కంటిని నమ్మాలి, శ్రుతి విషయంలో చెవిని నమ్మాలి. కండక్టర్ చెయ్యి కిందికి దిగినప్పుడే పాడాలి, వయొలిన్ వినిపించాక కాదు.

మూడో కారణం అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. ‘గ్లో’ అనే అక్షరాన్ని ఒక్కసారి మెల్లగా పలికి చూడండి. అందులో గకారం, లకారం అనే రెండు హల్లులూ, వాటి వెనుక ఓకారం అనే అచ్చూ ఉన్నాయి. చాలామంది గకారాన్ని తాళం మీద మొదలుపెడతారు, దానితో అచ్చు తాళం దాటాక గాని రాదు. వినేవారికి స్వరంగా వినిపించేది అచ్చే కాబట్టి, క్వయర్ మొత్తం ఆలస్యంగా పాడుతున్నట్టు అనిపిస్తుంది. హల్లులు రెండూ తాళానికి ముందే పడిపోవాలి, అచ్చు సరిగ్గా తాళం మీద పడాలి. అంతేకాదు, ఊపిరి కూడా అదే వేగంలో, ముందటి తాళం మీదే తీసుకోవాలి.

ఒక పద్ధతి చెబుతాను, దీనివల్ల ఒక్క సాయంత్రంలోనే మార్పు కనిపించడం నేను చాలాసార్లు చూశాను. వచ్చే రిహార్సల్‌కు పియానోను మూసేసి, చెల్లో వాయించేవారిని ఒక్కరిని పిలిచి, క్వయర్ మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆమె మొదటి భాగంలోని బాస్ పార్టును వాయిస్తుంటే, మీరు స్వరం లేకుండా మాటలను మాత్రం తాళానికి పలకండి. రెండోసారి పెదవులు కదుపుతూ గుసగుసగా పలకండి. మూడోసారి పాడండి. చెల్లో విల్లు తీగ మీద తిరగబడే క్షణానికి ముందు ఆమె భుజం కొద్దిగా లేవడం దగ్గర నిలబడ్డవారికి కనిపిస్తుంది. ఆ భుజంతో పాటు ఊపిరి తీసుకోవడం అలవాటైతే, “లాగుతున్నారు” అన్న మాట మళ్లీ వినవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: పదహారు మంది వాద్యకారులే ఉన్న ఆర్కెస్ట్రాకు మా నలభై మంది ఎక్కువవుతారా? కొందరిని తగ్గించమని సలహా ఇస్తున్నారు.

జవాబు: ఆ కాలంలో సంఖ్య మనం ఊహించుకునే దానికన్నా చాలా తక్కువగా ఉండేదన్నది నిజం. 1730 ఆగస్టు 23న లైప్జిగ్ నగర పాలకులకు రాసిన విన్నపంలో జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒక్కొక్క గొంతుకు కనీసం ముగ్గురు చొప్పున పన్నెండు మంది కావాలనీ, నలుగురు చొప్పున పదహారు మంది ఉంటే ఇంకా మంచిదనీ కోరారు. లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో 1754లో మరో స్వరకర్త హాండెల్ రచన ‘మెసయా’ను ప్రదర్శించినప్పుడు, అక్కడి లెక్కల ప్రకారం క్వయర్‌లో ఉన్నది దాదాపు ఇరవై మందే, వాద్యకారులు వారికి రెట్టింపు మంది. వందలాది మందితో పాడే ఆచారం హాండెల్ మరణించాక, 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో జరిగిన స్మారక ఉత్సవాలతో బలపడింది. బాఖ్ రచనలను పార్టుకు ఒక్కరే పాడేవారని సంగీత పరిశోధకుడు జాషువా రిఫ్కిన్ 1981లో వాదించారు, ఆ చర్చ ఇంకా ముగియలేదు.

అయినా, నాలుగు నెలలు కష్టపడినవారిని ఇంటికి పంపమని నేను చెప్పను. క్వయర్ అంతా పాడవలసిన మొదటి, చివరి భాగాలను నలభై మందీ పాడండి. ఆల్టో సోలోకు క్వయర్ మధ్యమధ్యలో జవాబిచ్చే ఎనిమిదో భాగాన్ని పన్నెండు మందికి అప్పగించండి. బరువైన గొంతులున్నవారు చిన్నగా పాడటం కన్నా, తక్కువమంది సహజంగా పాడటమే వినడానికి బాగుంటుంది.

ప్రశ్న: నేను ఆ ఎనిమిదో భాగంలోనే ఆల్టో సోలో పాడుతున్నాను. గొంతులో వైబ్రాటో (నిలిపిన స్వరాన్ని సన్నగా ఊపడం) అసలు ఉండకూడదని ఒకరు, స్వరాలకు అలంకారాలు చేర్చాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా చెల్లో మాట వినండి. మీరు ప్రవేశించే ముందు చెల్లో ఒంటరిగా ఒక వాక్యం వాయిస్తుంది. దానిని వాద్య ప్రవేశికగా భావించి మీ వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడితే, మీరు పాడే మొదటి మాట గాలిలోంచి ఊడిపడినట్టుంటుంది. ఆ చెల్లో ఎక్కడ బరువు వేసింది, ఎక్కడ తేలిక చేసింది, ఎక్కడ ఊపిరి వదిలింది అన్నది గమనించి, అదే వాక్యానికి కొనసాగింపుగా “దోమినే దేవుస్” అని అందుకోండి. వీలైతే ఆర్కెస్ట్రా లేకుండా మీరిద్దరే ఒక గంట కూర్చుని సాధన చేయండి.

వైబ్రాటోను నిషేధించవలసిన అవసరం లేదు. కానీ ఈ సంగీతపు ప్రాణమంతా ఒక స్వరం పక్క స్వరంతో ఒరుసుకుని, ఆ తర్వాత ఒదిగిపోవడంలో ఉంది. బాస్ ఒక మెట్టు దిగుతుంది, మీ స్వరం మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది, రెండిటి మధ్య ఒక గరుకుదనం పుడుతుంది, అప్పుడు మీరు దిగుతారు. నిలబడిన స్వరం ఊగుతూ ఉంటే ఆ గరుకుదనం ఎవరికీ వినిపించదు. కనుక అటువంటి స్వరాన్ని తిన్నగా మొదలుపెట్టి, ఒరుసుకునే చోట కొద్దిగా ఒత్తిడి పెంచి, దిగిన స్వరాన్ని తేలికగా వదిలేయండి. అలంకారాల విషయంలో నా సలహా ఇది: ఒక పదబంధం మొదటిసారి వచ్చినప్పుడు రాసినది రాసినట్టు పాడండి, అదే మళ్లీ వచ్చినప్పుడు, ముఖ్యంగా వాక్యం ముగిసే చోట ఒక చిన్న కంపితం (పక్క స్వరంతో వేగంగా మార్చి మార్చి పలకడం) చేర్చండి. ‘మిజెరేరే’ అంటే కరుణించు అని అర్థం. కరుణించమని అడిగే మాట మీద స్వర విన్యాసం చూపించడం నాకు నచ్చదు.

ప్రశ్న: లాటిన్ మాటలను ఎలా పలకాలి? మా క్వయర్‌లో ముగ్గురు మూడు రకాలుగా నేర్పారు.

జవాబు: వివాల్డి వెనిస్ నగరవాసి కాబట్టి ఇటాలియన్ చర్చి ఉచ్చారణను అనుసరించండి. ‘ఎక్‌షెల్సిస్’, ‘గ్రాత్సియాస్ ఆజిముస్’, ‘చెలెస్తిస్’, ‘ఊనిజెనితే’ అని పలకాలి. హకారం పలకదు కనుక ‘ఓమినిబుస్’ అనాలి. ‘ఆఞుస్ దేయి’లో మన అక్షరమాలలో ఉండీ వాడుకలో అరుదైపోయిన ఞకారం అచ్చంగా సరిపోతుంది. ‘తొల్లిస్’, ‘పెక్కాతా’ మాటల్లో ద్విత్వాన్ని ఒత్తి పలకండి, ఆ ఒత్తు మీద క్షణకాలం ఆగితే మాట నిండుగా వినిపిస్తుంది. ఇదే క్వయర్ రేపు బాఖ్ ‘మాగ్నిఫికాట్’ పాడితే మాత్రం జర్మన్ పద్ధతి వేరుగా ఉంటుంది. అక్కడ ‘ఆగ్నుస్’, ‘ఆగిముస్’ తరహాలో గకారం గకారంగానే నిలుస్తుంది. మీ పార్టులన్నిటి మీదా మాటలను తెలుగు లిపిలో ఒకే విధంగా రాయించి పంచండి, ముగ్గురి మధ్య తగాదా దానితో తీరిపోతుంది.

ప్రశ్న: వివాల్డి, బాఖ్‌ల కాలం నాటి బరోక్ సంగీతాన్ని 415 శ్రుతిలోనే పాడాలా?

జవాబు: తప్పనిసరి కాదు. నేటి వాద్యాలు సాధారణంగా 440 హెర్ట్జ్‌ల ‘ఎ’ స్వరానికి శ్రుతి చేస్తారు, పాత పద్ధతి వాద్య బృందాలు అర స్వరం తక్కువగా 415ను ప్రమాణంగా పెట్టుకుంటాయి. కానీ ఆ కాలంలో ఊరూరికీ, ఆర్గన్ ఆర్గన్‌కూ శ్రుతి వేరుగా ఉండేది. మీ వాద్యకారులు నేటి వాద్యాలు వాయిస్తుంటే 440లోనే ఉండండి.

ప్రశ్న: ఈ రచనను అనాథ బాలికల కోసం కూర్చారని చదివాను. మరి సాధారణంగా పురుషులు పాడే టెనర్, బాస్ పార్టులు ఎవరు పాడారు?

జవాబు: వెనిస్‌లోని ఓస్పెదాలే దెల్లా పియెతా అనే అనాథ శరణాలయంలో వివాల్డి 1703లో ఉద్యోగంలో చేరారు. అక్కడి బాలికలు, స్త్రీలు చర్చి మేడ మీద జాలీల వెనుక నిలబడి పాడుతూ, వాయిస్తూ ఉండేవారు. 1715 ప్రాంతంలో కూర్చినట్టు భావిస్తున్న ఈ రచనను వారికోసమే రాశారని పండితుల అభిప్రాయం. మంద్రంగా పలికే గొంతులున్న స్త్రీలు టెనర్ పార్టును ఉన్న స్థాయిలోనే పాడగలరు. బాస్ పార్టును కొంత ఉన్నచోటే పాడేవారా, లేక అష్టకం పైన పాడేవారా అన్న దానిపై అభిప్రాయ భేదాలున్నాయి. అష్టకం పైన పాడినా అసలు బాస్ వాద్యాలలో నడుస్తూనే ఉంటుంది కనుక కట్టడం చెదరదు. పురుషులు లేని క్వయర్‌కు ఈ రచన పాడే అర్హత లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

మరో సంగతి కూడా చెప్పాలి. వివాల్డి మరణించాక ఈ సంగీతమంతా దాదాపు రెండు వందల ఏళ్లు మరుగున పడిపోయింది. ఆయన రాతప్రతుల పెద్ద సంపుటాలు 1927లోనూ 1930లోనూ ఇద్దరు దాతల సహాయంతో ఇటలీలోని తూరిన్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. ఆ దాతలిద్దరూ పసితనంలోనే చనిపోయిన తమ కొడుకుల జ్ఞాపకార్థం వాటిని కొని ఇచ్చారు. ‘గ్లోరియా’ను 1939లో సియెనా నగరంలో ఇటాలియన్ స్వరకర్త అల్ఫ్రెదో కసెల్లా మళ్లీ వినిపించారు. మీ చేతిలోని పార్టులు ఆ శిశువుల పేరిట బతికి బయటపడ్డవని మీ క్వయర్‌కు ఒకసారి చెప్పండి.

ప్రశ్న: ప్రదర్శన రోజు మధ్యాహ్నం ఆర్కెస్ట్రాతో మాకు మూడు గంటలే దొరుకుతాయి. వాటిని ఎలా పంచుకోవాలి?

జవాబు: భాగాలను వరుసక్రమంలో సాధన చేయవద్దు. ట్రంపెట్ ఈ రచనలో మొదటి, పదకొండో, పన్నెండో భాగాలలో మాత్రమే మోగుతుంది. ఆనాటి ట్రంపెట్‌కు మీటలు ఉండేవి కావు, పెదవుల ఒత్తిడితోనే స్వరాలు పుట్టించేవారు. పక్కపక్క స్వరాలు పై స్థాయిలోనే దొరుకుతాయి కనుక పార్టును అంత ఎత్తున రాశారు, ఆ వాద్యం డి శ్రుతిలో ఉండేది కనుకనే ఉత్సవ సంగీతం డి మేజర్‌లో వచ్చింది. నేటి వాద్యంతో వాయించినా ఆ ఎత్తులో పెదవులు త్వరగా అలసిపోతాయి. కాబట్టి ఆ మూడు భాగాలనూ మొదటి గంటలోనే పూర్తిచేసి, ట్రంపెట్ వాద్యకారుణ్ణి విశ్రాంతికి పంపండి. ఆపైన క్వయర్ పాడే మిగిలిన భాగాలు, వాటి తర్వాత క్వయర్‌ను కూర్చోబెట్టి సోలోలు సాధన చేయండి. ఓబోతో సొప్రానో పాడే ఆరో భాగానికి తొందరపడకుండా సమయం ఇవ్వండి.

చివరి పదిహేను నిమిషాలను ఒక భాగం నుంచి మరో భాగానికి దాటే చోట్లకు కేటాయించండి. నాలుగో భాగమైన ‘గ్రాత్సియాస్’ కొద్ది బార్లలోనే (తాళపు ఆవర్తాలలోనే), నిదానంగా ముగిసి, వెంటనే ఐదో భాగం వేగంగా మొదలవుతుంది. పార్టులో పేజీ తిప్పవలసి వచ్చేది చాలా ప్రతులలో అక్కడికి దగ్గరలోనే. నలభై మంది ఒకేసారి కాగితం తిప్పిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో చివరి వరుస దాకా వినిపిస్తుంది. ఆ పేజీని ఫోటోకాపీ తీసి ఎదుటి పేజీ అంచుకు అతికించుకోమని ఈ రోజే అందరికీ చెప్పండి.