మొటిమ పోయింది, ఎరుపు పోలేదు

ప్రశ్న: మేడమ్, నాకు 21 ఏళ్లు, మాది ఖమ్మం. మొటిమలు తగ్గాయి కానీ బుగ్గల నిండా ఎర్ర మచ్చలు మిగిలాయి. నిమ్మరసం రాస్తే మంట తప్ప ఏమీ లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీముతో వారంలో ముఖం తెల్లబడింది, ఆపగానే మళ్లీ ఎర్రబడింది. వచ్చే నెల అక్క పెళ్లి, టెన్షన్‌గా ఉంది. అదే క్రీము మళ్లీ రాయనా?

జవాబు: వద్దమ్మా, దాన్ని మళ్లీ ముట్టుకోకండి. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి, క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. మొదట్లో ఎరుపును అణిచేస్తుంది కాబట్టి అద్భుతంగా అనిపిస్తుంది, రానురాను చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, కొత్త మొటిమలూ వస్తాయి. ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టినా అడిగిన ప్రతి పిల్లకీ ఇచ్చేస్తున్నారు, చూస్తే కోపం వస్తోంది. మంట తగ్గకపోతే ఆ ట్యూబు తీసుకుని స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి వాడుతున్నవాళ్లయితే సొంతంగా ఒక్కసారిగా ఆపకుండా ముందే డాక్టరును కలవాలి.

ఇక మచ్చల సంగతి. అద్దం ముందు నిలబడి, గాజు గ్లాసును మచ్చ మీద ఆనించి మెల్లగా నొక్కండి. నొక్కినప్పుడు ఎరుపు పోయి, తీయగానే మళ్లీ వస్తే, మొటిమ వాచినప్పుడు ఉబ్బిన రక్తనాళాలు ఇంకా సర్దుకోలేదని అర్థం. నొక్కినా గోధుమరంగు అలాగే ఉంటే అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పేరుకున్న మచ్చ, మన చామనఛాయ ముఖాల్లో ఇదే ఎక్కువ, రెండూ కలిసి కూడా ఉంటాయి. రంగు తగ్గించే క్రీములు ఎరుపు మీద పెద్దగా పనిచేయవు, అందుకే ముందు ఇది చూసుకోమంటున్నాను.

ముఖం మంట పూర్తిగా తగ్గాక, రాత్రిపూట 10 శాతం అజెలాయిక్ యాసిడ్ ఉన్న క్రీము మొదలుపెట్టండి, రోజు మార్చి రోజు, కాస్త చురుక్కుమన్నా పర్వాలేదు కానీ మండితే ఆపేయాలి. ఉదయం ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవునా పిండి ముఖానికీ మెడకీ రాయండి, శనగగింజంత రాస్తే రాయనట్టే. స్క్రబ్బులు, గిల్లడం బంద్.

పెళ్లిలోపు మచ్చలు పోతాయని చెప్పలేను. మామూలుగా కొన్ని నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. ఆరు నెలలైనా తగ్గకపోతే లేజర్ ఉంది, మన రంగు చర్మం మీద అనుభవమున్న డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. పెళ్లిరోజుకి ఫౌండేషన్ కింద ఆకుపచ్చ కరెక్టర్ కొద్దిగా అద్దితే ఎరుపు కప్పేస్తుంది. పెళ్లికి ముందు రెండు వారాలూ బ్లీచ్, ఫేషియల్ వద్దు. అక్కకి నలుగు పెట్టేటప్పుడు పిన్నులూ అత్తలూ సున్నిపిండితో మీ బుగ్గలు కూడా రుద్దడానికి వస్తారు, వద్దని ముందే చెప్పేయండి.