పరాయి దేశంలో యుద్ధం ఆపడం ఎందుకంత కష్టం? శ్రీలంకలో నేను చూసింది చెబుతాను

మీరు రెండు విషయాలు అడిగారు. అమెరికా 20 ఏళ్ల తర్వాత అఫ్గానిస్తాన్ వదిలి వెళ్లింది కదా, ఆ పని ఐదో ఏటే ఎందుకు చేయలేకపోయిందన్నది ఒకటి. ఇలాంటి యుద్ధాలన్నీ ఆయుధ కంపెనీల లాభాల కోసమేనా అన్నది రెండోది. నేను అఫ్గానిస్తాన్ చూడలేదు. కానీ మన దేశం కూడా ఒకసారి పరాయి గడ్డ మీద యుద్ధంలో ఇరుక్కుంది. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఉన్న శాంతి సేనలో నేను సిగ్నల్స్ సిపాయిని. అప్పుడు నాకు 23 ఏళ్లు. నాకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. వెంటనే మన సేనలు దిగాయి. మాకు చెప్పిన పని చాలా చిన్నది. ప్రత్యేక తమిళ దేశం కోసం శ్రీలంక సైన్యంతో పోరాడుతున్న ఎల్‌టీటీఈ ఆయుధాలు అప్పగిస్తుంది, శ్రీలంక సైన్యం బ్యారక్‌ల్లోకి వెళ్తుంది, మేం మధ్యలో ఉండి చూసుకోవాలి. కొద్ది వారాల్లో తిరిగొచ్చేస్తాం అనుకున్నాం. ఉత్తరాన తమిళులుండే జాఫ్నాలో జనం మా మెడలో దండలు వేశారు. అక్టోబరు రెండో వారానికి అదే ఊళ్లో మా మీద కాల్పులు మొదలయ్యాయి. జాఫ్నా యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లో 30 మందికి మర్నాటికి ఒక్కడే మిగిలాడు. ఇద్దరికి మధ్య నిలబడ్డానికి వెళ్లినవాళ్లం మేమే ఒక పక్షం అయిపోయాం. ఇది యుద్ధం అని మాత్రం ఎవరూ ప్రకటించలేదు. శాంతి సేన అనే పేరు చివరిదాకా అలాగే ఉంది.

రోజూ సాయంత్రం సిట్‌రెప్, అంటే ఆ రోజు పరిస్థితి నివేదిక, పంపడం నా డ్యూటీలో భాగం. ఎన్ని ఆయుధాలు దొరికాయి, ఏ రోడ్డు తెరిచాం, మనవాళ్లు ఎంతమంది పోయారు, అటువైపు ఎంతమంది పోయారు. ఏ రోజు లెక్క ఆ రోజుకు ఫర్వాలేదనిపించేది. రెండున్నరేళ్లలో ఏ ఒక్క రోజూ ‘పని ఇంతవరకు అయింది, ఇంత మిగిలింది’ అని పంపిన గుర్తు లేదు. పని ఎక్కడితో అయిపోయినట్టో ఎవరూ చెప్పలేదు మరి.

1988లో నా టెంట్‌లోనే ఉండే స్నేహితుడు రోడ్డు మీద మందుపాతర పేలి చనిపోయాడు. ఆ క్యాజువాల్టీ సందేశం నేనే పంపాను. అప్పటిదాకా ఇంటికెళ్లే రోజు కోసం ఎదురుచూసినవాణ్ణి, ఆ తర్వాత సేనను వెనక్కి పిలవాలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోయేది. వాడు చచ్చిపోయాక వట్టి చేతులతో ఎలా వెళ్తాం? టెంట్‌లో అందరి మాటా అదే. మీ మొదటి ప్రశ్నకు నా జవాబులో సగం ఇక్కడే ఉంది. వెళ్లిన కారణం వేరు, ఉండిపోయే కారణం వేరు. రెండోది అక్కడికి వెళ్లాకే పుడుతుంది, ఒక్కో మనిషి పోయినకొద్దీ బలపడుతుంది. మొత్తం మీద మనవాళ్లు దాదాపు 1,200 మంది అక్కడ ప్రాణాలు వదిలారు. శ్రీలంక తమిళ జనం, ఏ పక్షానా లేనివాళ్లు, అన్ని వైపుల కాల్పుల్లోనూ చనిపోయారు. మా కాల్పుల్లో కూడా. ఇది దాచి మాట్లాడితే మిగతాదంతా చెప్పే అర్హత నాకుండదు.

ఇక ఉద్దేశాల సంగతి. అప్పట్లో మాకు తెలిసింది తమిళులను కాపాడ్డం ఒక్కటే. రిటైరయ్యాక ఆ ఒప్పందంతో పాటు ఇద్దరు నాయకులూ రాసుకున్న ఉత్తరాలు చదివాను. త్రికోణమలై రేవును భారత్‌కు నష్టం కలిగేలా ఏ దేశ సైన్యమూ వాడుకోకూడదని అందులో ఉంది. అక్కడి పాత చమురు ట్యాంకులను రెండు దేశాలూ కలిసి బాగుచేయాలని ఉంది. శ్రీలంకలో విదేశీ రేడియో ప్రసార కేంద్రాల ఒప్పందాలను మళ్లీ పరిశీలించాలని కూడా ఉంది. తమిళనాడు రాజకీయాలు సరేసరి. వీటిలో ఏదీ అబద్ధపు కారణం కాదు, తమిళుల మీద జాలి కూడా నిజమే. చిక్కేమిటంటే కారణాలు నాలుగైదు కలిసి వెళ్తాయి, ఒకటి తీరినా మిగిలినవి పట్టుకుని కూర్చుంటాయి.

వియత్నాం విషయంలో ఇది కాగితం మీదే దొరికింది. అమెరికా పదాతి దళాలు అక్కడ దిగిన నెలలోనే, 1965 మార్చిలో, రక్షణ శాఖ ఉన్నతాధికారి జాన్ మెక్‌నాటన్ తన మంత్రి కోసం ఒక నోట్ రాశాడు. మన లక్ష్యాల్లో 70 శాతం అవమానకరమైన ఓటమి తప్పించుకోవడం, 20 శాతం ఆ ప్రాంతం చైనా చేతికి పోకుండా చూడడం, 10 శాతం అక్కడి జనానికి మెరుగైన బతుకు ఇవ్వడం అని అందులో లెక్క వేశాడు. 1971లో బయటపడిన రహస్య పత్రాల్లో ఇదీ ఉంది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పదో వంతు కారణాన్ని ముందుపెట్టి కుర్రాళ్లను పంపారు.

ఆయుధ కంపెనీల మాట కొట్టిపారేయను. 1961లో పదవి దిగిపోతూ అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అంతటివాడే ఆ ప్రమాదం గురించి దేశాన్ని హెచ్చరించాడు. కానీ శ్రీలంక యుద్ధం వల్ల మన దేశంలో ఏ కంపెనీ బాగుపడిందో చెప్పండి. అయినా అది దాదాపు 32 నెలలు సాగింది. కాబట్టి లాభం ఒక్కటే కారణమంటే నేను నమ్మను.

తర్వాతి కష్టం, మనల్ని నమ్ముకున్నవాళ్లు. 1988 నవంబరు ఎన్నికల తర్వాత ఎల్‌టీటీఈకి పడని మరో తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు వరదరాజ పెరుమాళ్ ఉత్తర, తూర్పు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ప్రభుత్వం నిలబడిందే మన సేన అండతో. 1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మమ్మల్ని వెళ్లిపొమ్మన్నాడు. మాతో పోరాడమని ఎల్‌టీటీఈకే ఆయుధాలు కూడా ఇప్పించాడు. ఆ దేశమే పొమ్మన్నా వెంటనే కదల్లేదంటే, మేం పోయిన మర్నాడు వీళ్ల గతేమిటన్నది కూడా ఒక కారణం. మా పోస్టుకు పనులు చేసిపెట్టే కుర్రాడొకడు నాకు కొంచెం తమిళం వచ్చని నాతోనే మాట్లాడేవాడు. “అన్నా, మీరు ఓడెక్కుతారు, నేనెక్కడికి పోవాలి?” అని అడిగాడు. నా పై అధికారిని అడిగి చెప్తానన్నాను. ఆయన దగ్గర మాత్రం ఏం జవాబుంటుంది? చివరికి పెరుమాళ్, ఆయన మనుషులు చాలామంది మన దేశానికి వచ్చి తలదాచుకున్నారు. ఆ కుర్రాడు వాళ్లలో ఉన్నాడనే ఇప్పటికీ అనుకుంటుంటాను.

వెనక్కి రావడం కూడా ఒక ఆపరేషనే. ఒక్కో పోస్టు ఎత్తేస్తుంటే మిగిలిన పోస్టుకు అండ తగ్గుతుంది, రోడ్డు కాపలా పల్చబడుతుంది. సేన వాపసుకు ఒప్పందం కుదిరాక, ఇంకొద్ది రోజుల్లో వెళ్లిపోతామనగా తిరిగే గస్తీ కంటే టెన్షన్ నా సర్వీసులో ఇంకోటి లేదు.

1989 డిసెంబరులో వి.పి. సింగ్ ప్రధాని అయ్యాక పని వేగం అందుకుంది. 1990 మార్చి 24న చివరి దళం త్రికోణమలై వదిలింది. మద్రాసులో మన సేనకు స్వాగతం పలకడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. లీవ్ దొరకగానే నా స్నేహితుడి ఇంటికెళ్లాను. వాళ్ల నాన్నగారు అడిగింది ఒక్కటే: “మీరెళ్లిన పని పూర్తయిందా బాబూ?” అయిందండీ అన్నాను. ఆయన ముఖం చూస్తూ ఇంకో మాట నా నోటికి రాలేదు. అప్పటి నుంచి, దేశం మొత్తానికి ఆ జవాబు చెప్పాల్సిన నాయకుడు ఎందుకు వాయిదా వేస్తాడో నాకు అర్థమవుతుంది. సమర్థించను, అర్థమవుతుంది అంతే. వియత్నాం యుద్ధానికి గౌరవంగా ముగింపు పలుకుతానన్న నిక్సన్ 1969 జనవరిలో అమెరికా అధ్యక్షుడిగా గద్దెనెక్కాడు. అక్కడ పోయిన 58 వేల మంది అమెరికన్లలో 20 వేల మందికి పైగా ఆ తర్వాత పోయినవాళ్లే.

ఇప్పుడు మీ ఐదో ఏడు ప్రశ్న. అమెరికా 2001లో వెళ్లింది బిన్ లాడెన్ కోసం. 2011 మేలో అతన్ని పాకిస్తాన్‌లో చంపారు. ఆ తర్వాత కూడా పదేళ్లు ఉన్నారు. అప్పటికి అక్కడొక ప్రభుత్వం ఉంది, వాళ్లే తయారుచేసిన సైన్యం ఉంది, బడికెళ్తున్న ఆడపిల్లలున్నారు, పోయిన సైనికులున్నారు. ఐదో ఏటా ఇవన్నీ ఉన్నాయి, ఇరవయ్యో ఏటా ఉన్నాయి. ఆగడానికి తగిన రోజు వాటంతటవే తెచ్చిపెట్టవు.

అయినా అసలు సాధ్యమే కాదని నేననను. 1983 అక్టోబరు 23న లెబనాన్ రాజధాని బీరూట్‌లో బాంబు దాడికి 241 మంది అమెరికన్ సైనికులు ఒక్కసారే పోయారు. ప్రతిష్ఠ పోతుందని చాలామంది అన్నారు, మొదట్లో అమెరికా అధ్యక్షుడు రీగన్ కూడా అలాగే మాట్లాడాడు. నాలుగు నెలలు తిరక్కముందే సేనను ఓడల మీదికి తరలించమన్నాడు. 1984 నవంబరు ఎన్నికల్లో 50 రాష్ట్రాలకు 49 గెలిచాడు.