ప్రదర్శనలో ఎవరి ఫొటోలు ఉండాలి?

ప్రశ్న: నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. త్వరలో జరగబోయే మా విభాగం పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో విశ్వవిద్యాలయ వారసత్వం మీద చిత్ర ప్రదర్శన ఏర్పాటు చేసే పని నాకు అప్పగించారు. ఆర్ట్స్ కళాశాల భవనం, నిజాం చిత్రపటం, పేరున్న పూర్వ విద్యార్థుల ఫొటోలు పెడితే చాలని కమిటీలోని పెద్దలు అంటున్నారు. నాలాంటివారి చదువు, హాస్టల్ మెస్సులో వండిపెట్టినవారి శ్రమ వారసత్వం కిందికి రావా? వేడుకలో పాత గాయాలెందుకని వారడిగితే ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: తప్పకుండా వస్తాయి. మీ కమిటీ పెద్దలకు ముందుగా కొన్ని తేదీలు గుర్తు చేయండి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా, అంటే రాజాజ్ఞ, 1917లో వెలువడింది, విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఆర్ట్స్ కళాశాలకు పునాదిరాయి వేసింది మాత్రం 1934లో, ప్రారంభోత్సవం జరిగింది 1939 డిసెంబరులో. అంటే మొదటి ఇరవై ఏళ్లలో చదువుకున్నవారెవరూ ఆ మెట్లెక్కి తరగతికి వెళ్లలేదు. భవనమొక్కటే వారసత్వమనుకుంటే వారందరినీ లెక్కలోంచి తీసేయవలసి వస్తుంది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆ గ్రానైటు కట్టడం నాకూ ఎంతో ఇష్టం. అజంతా, ఎల్లోరా గుహల స్తంభాల పోలికలూ ఇస్లామీ కమానులూ అందులో కలిసిపోయిన తీరును ఫొటోలతో చూపించవలసిందే, ఆ రాయిని చెక్కి నిలబెట్టిన కూలీల ప్రస్తావన కూడా ఆ ఫొటోల పక్కనే ఉండాలి.

నన్నడిగితే, ప్రదర్శనలో ఎక్కువ చోటు ఇవ్వవలసిన అంశం భాష. ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, బోధించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయంగా ఉస్మానియాకు పేరుంది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చి, లేని పారిభాషిక పదాలను కూర్చుకున్నారు. మన భాషల్లో పెద్ద చదువులు సాధ్యం కావని ఇప్పటికీ వాదించేవారికి చూపించదగిన గొప్ప ప్రయత్నమది. అయితే అప్పటి హైదరాబాదు సంస్థానంలో అత్యధికుల ఇంటి భాష తెలుగు, మరాఠీ లేదా కన్నడం. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు వంటి కవి పాఠం చెప్పినా, పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడు మిగతా విషయాలను ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలోనే చదువుకోవలసి వచ్చింది. ఒక తలుపు తెరుచుకుంటున్నప్పుడే దాని వెనుక మరొకటి మూసి ఉందన్న ఈ సంగతిని దాచకుండా, రెండింటినీ ఒకే ఫలకం మీద, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి.

పాత గాయాలెందుకని అడిగేవారికి 1938 నాటి సంగతి చెప్పండి. హాస్టల్లో వందేమాతరం పాడవద్దన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు వందలాది విద్యార్థులను బహిష్కరిస్తే, నాగపూర్ విశ్వవిద్యాలయం వారిని చేర్చుకుంది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు కూడా ఆ బహిష్కృతుల్లో ఒకరు. పేరున్న పూర్వ విద్యార్థుల వరుసలో ఆయన ఫొటో పెట్టి, ఈ ఘట్టాన్ని వదిలేస్తే ఆయన జీవితాన్నీ విశ్వవిద్యాలయ చరిత్రనూ సగమే చెప్పినట్లవుతుంది. ఎవరినీ నిందించకుండా, జరిగినది జరిగినట్లు రాస్తే చాలు.

స్త్రీల చదువు గురించి చెప్పడానికి కోఠీ మహిళా కళాశాల ఉంది. 1924లో మొదలైన ఆ కళాశాల 1949లో బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి, నివసించిన భవనంలోకి మారింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో వేరే విశ్వవిద్యాలయమైనా, దాని తొలి దశాబ్దాల కథ ఉస్మానియా కథలో భాగమే.

ఇక మీలాంటివారి సంగతి. తమ ఇంట్లో తొలిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కినవారి నుంచి చిన్న చిన్న వస్తువులు సేకరించండి. హాస్టల్ గుర్తింపు కార్డు, ఫీజు రసీదు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం వంటివి ఏ చిత్రపటానికీ తీసిపోవు. పేదరికం గురించీ కులం గురించీ చెప్పమని మాత్రం ఎవరినీ బలవంతపెట్టవద్దు. ఏది చెప్పాలో, పేరుతో చెప్పాలో పేరు లేకుండా చెప్పాలో వారే నిర్ణయించుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులవి. కాబట్టి ప్రదర్శనను ర్యాంపు ఉన్న కింది అంతస్తులోనే పెట్టండి. చూపు లేనివారికి ప్రతి ఫొటోనూ వివరించి చెప్పే విద్యార్థులను ముందే సిద్ధం చేసుకోండి.

మెస్సులో వండిపెట్టినవారి ఫొటోల కింద ‘సిబ్బంది’ అని రాసి ఊరుకోకుండా, ఒక్కొక్కరి పేరూ, పనిచేసిన సంవత్సరాలూ వారినే అడిగి రాయించండి. పూర్వ విద్యార్థులకు పంపే ఆహ్వానపత్రికే వారికీ పంపించి, ఆ రోజు వంట, వడ్డన వారి మీద పడకుండా కమిటీతో ఇప్పుడే మాట్లాడండి.