పిల్లలతో క్రిస్మస్ గుర్తులు చేయించే ముందు

ప్రియమైన అమ్మాయికి,

పెద్దమ్మ దీవెనలు. ఈసారి చెట్టుకి బజారు బంతులు కాకుండా పిల్లల చేత క్రీస్తు గుర్తులు చేయించి పెట్టాలని ఉందని అడిగావు. చాలా సంతోషమమ్మా. సండేస్కూలు పిల్లలతో ఏటా చేయిస్తూనే ఉన్నాను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో. ఏ బిడ్డ ఏ గుర్తు చేస్తే, దాని కథ ఆ బిడ్డే చెప్పగలగాలి. చెప్పలేని గుర్తు చెట్టెక్కకూడదు. అందుకే వారానికి ఒక్కటే పెట్టుకో. క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలం నవంబర్ 30కి దగ్గరగా వచ్చే ఆదివారం మొదలవుతుంది. నాలుగు ఆదివారాలు, నాలుగు గుర్తులు, అంతే. రోజుకొకటి చొప్పున మొదలుపెట్టిన ఇళ్లలో రెండో వారానికే తల్లులు టెన్షన్ పడి, రాత్రిళ్లు కూర్చుని తామే చేసేస్తారు. ఇక పిల్లలు నేర్చుకునేదేముంది?

చెట్టుకి ఇలా క్రీస్తు గుర్తులు చేసి పెట్టడం లూథరన్ సంఘంలోనే పుట్టింది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్‌లోని అసెన్షన్ లూథరన్ చర్చిలో ఫ్రాన్సెస్ కిప్స్ స్పెన్సర్ అనే ఆవిడ 1957లో మొదలుపెట్టారు. ఈ గుర్తుల్ని క్రిస్మాన్లు అంటారు. తెలుపు, బంగారు రంగులే వాడతారు. తెలుపు క్రీస్తు పరిశుద్ధతకి, బంగారం ఆయన మహిమకి. నువ్వూ ఆ రెండే ఉంచు. చిన్నది గులాబీ తళుకులు కావాలని పేచీ పెడితే వాటిని గ్రీటింగ్ కార్డుకి అంటించమను.

మొదటి వారం లంగరు. మనకున్న నిరీక్షణ ఆత్మకు లంగరులాంటిదని హెబ్రీ పత్రిక 6:19లో ఉంది. రోమ్‌లో తొలి క్రైస్తవుల భూగర్భ సమాధుల్లో చెక్కిన లంగరు గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. విశాఖలో ఉన్నారు కాబట్టి ముందు పిల్లల్ని హార్బర్ వైపు తీసుకెళ్లి ఓడలు చూపించు. సన్నని బంగారు రంగు తీగకి తెల్ల పూసలు గుచ్చి, నిలువు కడ్డీ, అడ్డ కడ్డీ, కింద వంపు చేయించు. తీగ కొసని చివరి పూసలోంచి వెనక్కి దూర్చితే వేళ్లకి గుచ్చుకోదు. లంగరు పైభాగంలో సిలువ ఉందని నువ్వు ముందే చెప్పేయకు, చేస్తుండగా పెద్దాడికే తోచనివ్వు.

రెండో వారం చేప. అదీ తొలి క్రైస్తవులు వాడిన గుర్తే. రెండు వంపులు తోక దగ్గర దాటితే చాలు, గంటలో అయిపోతుంది.

మూడో వారం గవ్వ, అంటే ఆల్చిప్ప, చిన్నదాని చేత చేయించు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు నీళ్లు పోసే గవ్వ అది. దాని కింద మూడు ముత్యాల పూసలు వేలాడదీస్తే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. కొనకండి, బీచ్‌లో ఏరుకోండి. కొన్ని గవ్వలకి మొదలు దగ్గర గుండ్రంగా చిన్న చిల్లు ఉంటుంది, సముద్రపు నత్తలు తొలిచినది. అలాంటివే ఏరితే డ్రిల్లు పని లేదు. ఇంటికొచ్చి ఉడకబెట్టి, బ్రష్‌తో రుద్ది, రెండ్రోజులు ఎండలో పెట్టు. లేకపోతే పండగ నాటికి హాలంతా వాసన కొడుతుంది.

నాలుగో వారం బేత్లెహేము నక్షత్రం. దీనికి థర్మాకోల్ వాడొచ్చు. అయితే ఫెవికాలే వాడు. ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు, స్ప్రే రంగు తగిలితే థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది, పాపం పిల్లలు బావురుమంటారు. ఫెవికాల్ రాత్రంతా ఆరాలి, తొందరపడి తగిలించొద్దు. అంచుకి పాత పట్టుచీర జరీ అంటించు. మీ అమ్మ చీర ముక్క ఒకటి నా దగ్గర ఉంది, పంపిస్తాను.

మైదా, ఉప్పు పిండితో చేసే బొమ్మలు మాత్రం మీ ఊరి గాలికి వద్దమ్మా. చెమ్మ పీల్చి మెత్తబడిపోతాయి.

శనివారం సాయంత్రం పని ముగించి, ఆదివారం ప్రార్థనయ్యాక ఎవరిది వాళ్లు కథ చెప్పి తగిలించాలి. అల్లుడు గారి చేత కూడా ఒకటి చేయించు, మగవాళ్లు కూర్చుంటే పిల్లలు కదలరు. పండగయ్యాక తెల్లటి పాత పంచె ముక్కల్లో చుట్టి డబ్బాలో పెట్టు. న్యూస్‌పేపరు సిరా తెలుపుకి అంటుకుంటుంది.

తీగ, పూసలు ఈ వారమే కొనుక్కో, డిసెంబరు వచ్చిందంటే షాపుల్లో తెల్ల పూసలు దొరకవు.

ప్రభువునందు ప్రేమతో,
మీ పెద్దమ్మ