ఈత రాకపోయినా వాగులో నడవొచ్చా?

ప్రశ్న: మాంచెస్టర్‌లో ఉంటున్న ఐదు తెలుగు కుటుంబాలం ఆగస్టులో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తున్నాం. కోనిస్టన్ దగ్గర చర్చ్ బెక్ వాగులో గైడ్ వెంట ఘిల్ స్క్రాంబ్లింగ్ (కొండవాగులో రాళ్లెక్కుతూ, మడుగుల్లోకి దూకుతూ నడవడం) చేయాలని ఉంది. ముగ్గురికి ఈత రాదు. పిల్లలందరికీ పదేళ్లు దాటాయి. వెళ్లొచ్చా? ఏం వేసుకోవాలి?

జవాబు: వెళ్లొచ్చు. ఈత రాదన్న సంగతి బుకింగ్ అప్పుడే చెప్పండి. మడుగులోకి దూకడం ఎవరికీ తప్పనిసరి కాదు. చాలాచోట్ల పక్క రాళ్ల మీదుగా దారి ఉంటుంది. బాయన్సీ ఎయిడ్ (నీళ్లలో తేలేందుకు వేసుకునే జాకెట్) మిమ్మల్ని తేలుస్తుంది కానీ, స్పృహ తప్పినవాళ్ల ముఖాన్ని పైకి తిప్పదు. కాబట్టి అది ఒంటికి సరిగ్గా పట్టి ఉండాలి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాకా జరిగిందంటే వదులుగా ఉన్నట్టే.

అసలు జాగ్రత్త పాదాల గురించి. జారిపడగానే లేచి నిలబడాలనిపిస్తుంది. మోకాలి లోతు దాటిన వేగమైన నీళ్లలో ఆ పని చేయకూడదు. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువ వైపు చాపి, కాలివేళ్లు నీటిపైకి కనిపించేలా ఉంచండి. నీరు నెమ్మదించాకే లేవండి.

ఎండాకాలంలో కూడా ఇక్కడి నీళ్లు చాలాసార్లు 15 డిగ్రీల లోపే ఉంటాయి. దిగగానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది. ఒకటి రెండు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. అప్పటిదాకా లోతుకు వెళ్లకండి. వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో ఒంటి వేడిని కాపాడే బిగుతైన రబ్బరు దుస్తు), హెల్మెట్ సాధారణంగా నిర్వాహకులే ఇస్తారు. లోపల ఈత దుస్తులో, పాలిస్టర్ టీషర్టో చాలు. జీన్స్, నూలు లెగ్గింగ్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్ని సాక్సులు, లేసులున్న పాత బూట్లు వేసుకోండి. చెప్పులు కొట్టుకుపోతాయి. జారుడుబండ లాంటి రాళ్ల మీద వెట్‌సూట్ చిరగకుండా పైన ఒక షార్ట్స్ తప్పకుండా ఉండాలి. జడను మెడ దగ్గర కిందికి అల్లుకోండి, కొప్పు మీద హెల్మెట్ కూర్చోదు. ఉంగరాలు, గొలుసులు, నల్లపూసలు ఇంట్లోనే పెట్టి రండి. రాతికి ఉంగరం తట్టుకుంటే వేలికే ప్రమాదం.

గైడ్‌ను ఒక మాట అడగండి: ఈ వాగులోనే జనాన్ని తీసుకెళ్లడానికి గైడ్‌గా మీకు పరీక్ష పెట్టి అనుమతి ఇచ్చారా అని. 1993లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో జరిగిన కయాకింగ్ (చిన్న పడవల) దుర్ఘటనలో నలుగురు టీనేజర్లు చనిపోయాక, 1995లో వచ్చిన చట్టంతో ఇలాంటి సాహస కార్యక్రమాలకు లైసెన్సు పద్ధతి వచ్చింది. ఇంగ్లండ్‌లో 18 ఏళ్ల లోపు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా వస్తేనే అది తప్పనిసరి. మీరు వెంట ఉంటారు కాబట్టి చట్టం అడగదు. అయినా లైసెన్సు ఉన్నవాళ్లనే ఎంచుకోండి.

ప్రశ్న: వాన ఆగిపోయాక కూడా గైడ్ రద్దు చేశారు. న్యాయమేనా?

జవాబు: న్యాయమే. మీ దగ్గర ఎండ కాస్తున్నా, పైన కొండల మీద కురిసిన నీరు తర్వాత దిగొస్తుంది. రంగు గోధుమగా మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వాగు పెరుగుతోందనడానికి గుర్తులు. నిన్న లోతుగా ఉన్న మడుగులో వరద రాత్రికి రాత్రే దుంగను తెచ్చి పడేయొచ్చు. అందుకే మంచి గైడ్ ప్రతిసారీ దిగి లోతు చూశాకే దూకనిస్తారు. డబ్బులు కట్టాం కదా అని ఒత్తిడి పెట్టకండి. రద్దయితే మరో తేదీ ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.